పాలు పోసి.. ధరణికి కూర్చొని

1,198 రోజులు నిలిచిన చన్నరాయపట్టణ శిబిరం
మిస్సైళ్ళ కంచె దగ్గర మహిళలూ, టెక్సాస్ రోడ్డు పక్కన ఓ తల్లీ ఇలాగే..

చిక్కబళ్ళాపురం: కోడి కూసేసరికి పాలు పిండాలి. క్యాను తీసుకుని డైరీకి పరిగెత్తాలి. వచ్చి మల్బరీ ఆకు కోసి పురుగులకు వెయ్యాలి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బోరు వేసి మడవ కట్టాలి. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ డైరీ. ఈ పనుల్లో ఒక్కటి కూడా రేపటికి వాయిదా పడదు. ఇంత పనిలో ఉండే రైతులు మూడేళ్ళకు పైగా ధరణి ఎలా నడిపారు? దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ శిబిరం గురించి ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

(చన్నరాయపట్టణ అనగానే చాలామందికి హాసన్ జిల్లా గుర్తొస్తుంది. అది వేరు. ఇది మన విజయపుర పక్కన ఉన్న హోబళి కేంద్రం.)

విమానాల పార్కుకు 1,777 ఎకరాలు

2021లో కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి మండలి ఈ హోబళిలోని 13 ఊళ్ళలో 1,777 ఎకరాలు తీసుకుంటామని నోటిఫికేషన్ ఇచ్చింది. రక్షణ, విమానయాన పరిశ్రమల పార్కు కోసమని చెప్పింది. అంతర్జాతీయ విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది కాబట్టి పరిశ్రమలవాళ్ళకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. రైతు వైపు నుంచి చూసినా అంతే. ద్రాక్ష, పట్టు, కూరగాయలు, పూలు, రాగి.. అన్నీ పండే నేల. బెంగళూరు మార్కెట్టు గంట ప్రయాణం, శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు అంతకన్నా దగ్గర. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసి తడిపిన భూమి మరి.

2022 ఏప్రిల్ 4న నాడకచేరి ముందు ధరణి మొదలైంది. మన పేపర్లలో రాసేది ధర్నా. కన్నడంలో ధరణి. ఈ ప్రాంతం తెలుగువాళ్ళ నోట్లో కూడా ధరణే నిలిచింది. తెలుగులో ఆ మాటకు భూమి అనే అర్థం ఉండడం ఇక్కడ బాగా అతికింది.

పురుగు జ్వరం, మనిషి ఓపిక

శిబిరం నడపడమంటే శామియానా, మైకు, నాలుగు ఫ్లెక్సీలు అనుకుంటే పొరపాటు. ఉదాహరణకు పట్టు పురుగునే తీసుకోండి. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా దాదాపు నాలుగు వారాలు. మధ్యలో నాలుగుసార్లు 'జ్వరం' వస్తుంది. అంటే కుబుసం విడిచే ముందు పురుగు తిండి మానేసి తల ఎత్తుకుని కదలకుండా ఉంటుంది. నాలుగో జ్వరం లేచాక చూడాలి దాని ఆకలి! మొత్తం పంటకు పట్టే ఆకులో నూటికి 80 పాళ్ళు ఆ చివరి వారంలోనే తినేస్తుంది. ఆ ఏడెనిమిది రోజులు రైతు ఇల్లు వదిలితే పంట పోయినట్టే. ద్రాక్ష తోటకు కత్తిరింపు వేసిన తర్వాత కూడా ఇంతే, మందు కొట్టే రోజు తప్పితే బూజు తెగులు ఆగదు.

అందుకే ఒకే మనిషి 1,198 రోజులూ కూర్చోవడం అన్నది ఉండదు. ఇక్కడి సంసారాల లెక్క తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఒకరింట్లో పురుగు చంద్రిక ఎక్కే వేళకు ఇంకొకరింట్లో గుడ్డు కూడా రాదు. ఒకరికి తీరిక లేనప్పుడు ఇంకొకరికి ఉంటుంది. 13 ఊళ్ళు ఉండడం శిబిరానికి బలమైంది అందుకే. ఆడవాళ్ళ పని ఇంకా ఎక్కువ. పాడి దాదాపు వాళ్ళ చేతి మీదే నడుస్తుంది. ఆవుకు మేత వేసి, సంగటి కెలికి, పిల్లలను బడికి పంపి ఆ తర్వాత శామియానా కిందికి. పాలు పిండే యాళకు మళ్ళీ ఇంటికాడ ఉండాల్సిందే.

మద్దతు ఎక్కడి నుంచి?

ఊరివాళ్ళే కూర్చుంటే నెల రోజుల్లో పేపర్లో వార్త లోపలి పేజీకి పోతుంది. ఏడాదికి అసలు ఉండదు. చన్నరాయపట్టణకు కొంత మేలు చేసింది వేర్వేరు సంఘాలు ఒక్కటవడం. రైతు సంఘాలు, దళిత సంఘాలు, కార్మిక సంఘాలు కలిసిన 'సంయుక్త హోరాట కర్ణాటక' వెనక నిలిచింది. ప్రతిపక్ష నేతగా ఉన్నప్పుడు సిద్ధరామయ్య శిబిరానికి వచ్చి మద్దతు చెప్పారు. 2023లో ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. అయినా శామియానా తీయాల్సిన రోజు వెంటనే రాలేదు. రెండేళ్ళు పట్టింది.

2025 జూన్‌లో ప్రభుత్వం మూడు ఊళ్ళలో 495 ఎకరాలు వదిలేస్తామంది. మిగతా 1,282 ఎకరాలు తీసుకుంటామంది. ఇలాంటప్పుడే శిబిరాలు చీలిపోతాయి. బయటపడిన ఊరివాళ్ళు ఇంటిదారి పడితే అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ మాత్రం పోరాటం ఆగలేదు. ఆ నెల 25న 'దేవనహళ్ళి చలో' జరిగింది. పోలీసులు ధరణి దగ్గరివాళ్ళను బలవంతంగా బస్సులెక్కించారు. ఆ తర్వాత శిబిరం బెంగళూరు ఫ్రీడం పార్కుకు మారింది. ఒకప్పటి సెంట్రల్ జైలు ఆవరణ అది. నటుడు ప్రకాశ్ రాజ్, రచయితలు, కళాకారులు వచ్చి కూర్చున్నారు. జులై 4న ముఖ్యమంత్రి చర్చలకు పిలిచి పది రోజులు గడువు అడిగారు. 15న మొత్తం 1,777 ఎకరాల సేకరణ విరమించుకుంటున్నట్టు విధానసౌధలో ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చేవాళ్ళ భూమి మాత్రం మంచి ధరకు తీసుకుంటామని ఓ మాట జోడించారు.

కంచె దగ్గర 19 ఏళ్ళు

చన్నరాయపట్టణ రైతులు కూర్చున్నది యుద్ధం వద్దని కాదు, భూమి పోవద్దని. పార్కు పేరులో రక్షణ ఉన్నా వాళ్ళ గొడవ దాని గురించి కాదు. అయినా రోజుల తరబడి ఒకచోట నిలబడే విద్యలో యుద్ధం వద్దన్నవాళ్ళ శిబిరాలకూ వీళ్ళకూ పెద్ద తేడా లేదు.

ఇంగ్లండులో గ్రీన్‌హం కామన్ అనే సైనిక స్థావరం ఉండేది. అమెరికా క్రూయిజ్ క్షిపణులు 96 అక్కడ పెట్టాలని నిర్ణయించారు. 1981లో వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి కొందరు మహిళలు నడుచుకుంటూ వచ్చి గేటు ముందు కూర్చున్నారు. వానలో, మంచులో చెట్టు కొమ్మలు వంచి ప్లాస్టిక్ పట్టలు కప్పి గుడిసెలు వేసుకున్నారు. అధికారులు పీకేసేవారు, వీళ్ళు మళ్ళీ వేసేవారు. ఒక్కో గేటుకు ఒక్కో రంగు పేరు పెట్టుకుని ఒక్కో గుంపు చూసుకునేది. 1982 డిసెంబరులో 30 వేల మంది చేయీ చేయీ పట్టుకుని స్థావరం చుట్టూ నిలిచారు. 1987లో అమెరికా, సోవియట్‌ల ఒప్పందం కుదిరింది. 1991కి క్షిపణులు వెళ్ళిపోయాయి. శిబిరం మాత్రం 2000 దాకా ఉంది.

2005 ఆగస్టులో సిండీ షీహన్ అనే తల్లి టెక్సాస్‌లోని క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్ళో, అధ్యక్షుడు బుష్ సెలవులు గడిపే ఇంటికి వెళ్ళే దారి పక్కన కూర్చుంది. ఆమె కొడుకు కేసీ 2004 ఏప్రిల్‌లో ఇరాక్‌లో చనిపోయాడు. నా బిడ్డ ఎందుకు చచ్చిపోయాడో చెప్పమన్నదే ఆమె అడిగింది. మొదట కాలువ గట్టున గుడారాలు వేశారు. జనం పెరిగేసరికి రోడ్డు అంచు చాల్లేదు. దగ్గర్లోని భూమి యజమాని ఒకరు తన స్థలం వాడుకోమన్నాడు. అక్కడ పెద్ద పందిరి లేచింది. ఊళ్ళో 'పీస్ హౌస్' అనే ఇంటి నుంచి మనుషులనూ అన్నాన్నీ బండ్లలో చేరవేశారు. అంతా కలిపి నెల రోజులు కూడా లేదు. బుష్ ఆమెను కలవలేదు.

మనవాళ్ళకు ఇంకా బాగా గుర్తుండేది ఢిల్లీ సరిహద్దు. 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా సింఘు, టిక్రీ, గాజీపూర్‌ల దగ్గర ట్రాలీలే ఇళ్ళయ్యాయి. గురుద్వారాల లంగరు పద్ధతిలో రొట్టె, పప్పు ఎవరొచ్చినా పెట్టారు. ఊరివాళ్ళు వంతులు వేసుకుని కొందరు వచ్చేవారు, కొందరు పొలానికి పోయేవారు. అమరావతిలో తుళ్ళూరు, మందడం శిబిరాల లెక్క 1,631 రోజులు. అక్కడా ముందు కూర్చున్నది మహిళలే. తిండి, నీడ, వంతు.. ఈ మూడూ ఎక్కడికి వెళ్ళినా మారలేదు.

చెక్‌పోస్టు అవతల

చన్నరాయపట్టణ ప్రకటన వచ్చిందో లేదో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ విమాన పరిశ్రమలను తమ రాష్ట్రానికి రమ్మన్నారు. బెంగళూరు పక్కనే 8 వేల ఎకరాలకు పైగా సిద్ధంగా ఉందన్నారు. బాగేపల్లివాళ్ళకు ఈ మాట దూరపు వార్త కాదు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే చిలమత్తూరు, గోరంట్ల మండలాలు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు తీసుకున్నది అక్కడే. చెప్పిన పరిశ్రమలు ఆ భూముల్లోకి రాలేదు. అటువైపు చుట్టరికాలున్న ఇళ్ళు బాగేపల్లిలో బోలెడు. భూమి పోయాక ఏమైందో పెళ్ళిళ్ళలో, తిథుల్లో మాట్లాడుకుంటూనే ఉంటారు.

ఇటు చన్నరాయపట్టణ హోబళి దాటితే మన జిల్లాయే. శిడ్లఘట్ట తాలూకా జంగమకోట హోబళిలోనూ 13 ఊళ్ళే, 2,823 ఎకరాలు. పారిశ్రామిక వాడ కోసమే. ఇక్కడ ఇస్తామనేవాళ్ళూ ఉన్నారు, ఇవ్వమనేవాళ్ళూ ఉన్నారు. బోరు ఎండిన రైతు లెక్క ఒకటి, నీళ్ళున్న రైతు లెక్క ఇంకొకటి. రెండింటినీ తప్పనలేం. చింతామణి నుంచి హెచ్ క్రాస్ మీదుగా బెంగళూరు పోయే బస్సుల్లో ఎకరా ఎంత పలుకుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. దాని వెనకే ఇంకో మాటా వస్తుంది. డబ్బు తీసుకున్నాక ఆవులను ఎక్కడ కట్టెయ్యాలి అని.