కప్పకు పూజ.. తీతువుకు శాపం

వానలు ముఖం చాటేసిన ఏడాది పల్లెల్లో కప్పతల్లి ఆడతారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయిస్తారు. అదే పల్లెలో అర్ధరాత్రి తీతువు పిట్ట కూస్తే కీడు తప్పదని కలవరపడతారు. నిజానికి వాన తెచ్చేది కప్ప కాదు, చావు తెచ్చేది తీతువూ కాదు. రెండింటి అరుపూ సంతానం కోసమే.

వాన పడితేనే పిలుపు

మన పొలాల్లోని కప్పల్లో బోదురుకప్ప పెద్దది. తొలకరికి గుంటలు నిండగానే మగకప్పలు పసుపు రంగుకు మారతాయి. గొంతుకు ఇరువైపులా నీలి సంచులను ఉబ్బించి ఆడకప్పలను పిలుస్తాయి. అంటే కప్ప అరిచినందుకు వాన రాదు, వాన వచ్చినందుకే కప్ప అరుస్తుంది. దాని గుడ్డుకు పెంకు ఉండదు. నీరు లేనిదే బతకదు. పిల్లలు ఎదిగేలోపు గుంట ఎండితే ఆ సంతతి అంతటితో సరి. అందుకే గుడ్లను వేలల్లో పెడుతుంది.

చావు కబురు కాదు.. కాపలా కేక

తీతువు చెరువు గట్ల వెంట తిరిగే పక్షి. కళ్ల ముందు ఎర్రని తోలు మడతలు దాని గుర్తు. గుడ్లకు మాత్రం పొడి నేల కావాలి. గూడు అల్లదు. చిన్న గుంతలో గులకరాళ్ల నడుమ సాధారణంగా నాలుగే గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరితే పొట్ట ఈకలను నీటిలో తడిపి తెచ్చి వాటిని చల్లబరుస్తుంది. కుక్క గానీ మనిషి గానీ దగ్గరికొస్తే రాత్రనక పగలనక అరుస్తూ తరుముతుంది.

ఇద్దరికీ ఒకే ముప్పు

రెండూ పురుగులను తిని రైతుకు మేలు చేసేవే. ఒకప్పుడు కప్ప కాళ్లు విదేశాలకు ఎగుమతయ్యేవి. 1987లో కేంద్రం దానిని నిషేధించింది. అయితే పురుగుమందుల బెడద తప్పలేదు. కప్ప చర్మంతోనూ శ్వాసిస్తుంది కనుక మందు కలిసిన నీరు నేరుగా ఒంట్లోకి చేరుతుంది. మందుతో పురుగులు నశిస్తే తీతువుకు తిండి కరవవుతుంది. నేలపై ఉన్న గుడ్లు ట్రాక్టరు చక్రాల కింద నలిగిపోతాయి.

తీతువు గుడ్లు పొదగడానికి నాలుగు వారాలకు పైగా పడుతుంది. దున్నే వేళ గుడ్లు కనిపిస్తే అన్నాళ్లు ఆ బారెడు నేలను విడిచిపెట్టడం, మందు కలిపిన డబ్బాలను నీటి గుంటల్లో కడగకపోవడం రైతు చేతిలోని పనులే. వీటికి పూజ అక్కర్లేదు, శాపమూ అక్కర్లేదు.