విద్యుద్వాహనముల మరమ్మతు: నంద్యాల, ఆళ్లగడ్డ వాసుల కర్తవ్యము

యంత్రమును కొనుట ఒక దినపు పని. దానిని నడుపుకొనుట ఏండ్ల పని. సేద్యపు బావులకు ఆయిలింజనులు వచ్చిననాడును, తరువాత కరెంటు మోటార్లు వచ్చిననాడును మన రైతులు ఈ సంగతిని అనుభవముచే నెఱిగిరి. ఇప్పుడు రెండు చక్రముల విద్యుద్వాహనముల విషయమున అదే పాఠము మరల వచ్చియున్నది. నంద్యాల వీధులలోను, ఆళ్లగడ్డ చుట్టుపట్ల గ్రామములలోను ఈ బండ్లు తిరుగుచున్నవి. అవి చెడినప్పుడు బాగుచేయువారెవరను ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము ఇంకను దొరకలేదు.

చక్రమధ్యమున మోటారు నమర్చు ఊహ క్రొత్తది కాదు. అమెరికా దేశమున ఆగ్డెన్ బోల్టన్ అను నాతడు 1895లోనే అట్టి సైకిలునకు పేటెంటు పొందెను. మన దేశమున 2019 ఆగస్టు 1 నుండి విద్యుద్వాహనములపై జి.ఎస్.టి.ని నూటికి 12 నుండి 5కు తగ్గించిరి. ఫేమ్ రెండవ దశ పథకము 2019 ఏప్రిలు మొదలు 2024 మార్చి 31 వరకు కొనుగోలుదారులకు రాయితీ నొసగెను. ఇట్లు తయారుచేయువానికిని కొనువానికిని ప్రోత్సాహము లభించినది. బాగుచేయువానిని తలచినవారు తక్కువ. దాని ఫలమేమనగా, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, పదివేలకు మించిన ఫిర్యాదులపై ఒక పేరుగల కంపెనీని సంజాయిషీ అడుగవలసివచ్చెను.

ఈ వృత్తి స్వభావమును పాఠకులు కొంచెము తెలిసికొనుట మంచిది. చక్రపు మోటారులో రాగితీగ చుట్టలు లోపల కదలక యుండును. అయస్కాంతములు పొదిగిన పైగుల్ల తిరుగును. అయస్కాంతము ఏ స్థానమున నున్నదో హాల్ సెన్సారులు కంట్రోలరునకు తెలియజేయును. వీనిలో ఒకటి చెడిన బండి అదరును, గుంజును, లేదా కదలదు. తీగలు బోలుగానుండు ఇరుసుగుండ బయటికి వచ్చును. ఇరుసునట్టు వదులైనచో ఇరుసే తిరిగి ఆ తీగలను తెంపివేయును. మోటారు బరువు చక్రమునందే యుండుటచే స్ప్రింగు దానిని కాపాడజాలదు; గుంతలో పడిన దెబ్బ నేరుగ రిమ్మునకును బేరింగునకును తగులును. షాక్ అబ్జార్బరులు కుంగిన బండికి ఈ బాధ మఱింత హెచ్చు. కావున మోటారు మరమ్మతును, షాకుల మరమ్మతును ఒకే అంగడిలో చేయుట యుక్తము. బేరింగు మార్చి, ఆయిల్ సీలు కారుచున్న ఫోర్కును విడిచిపెట్టినవాని యొద్దకు అదే బండి తిరిగి వచ్చితీరును.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కులు కలవు. నల్లరేగడి దుమ్ము సీళ్లను కోసివేయును. వానకాలమున అదే బురదయై బేరింగులలో చొచ్చును. నంద్యాల ఎండల తీవ్రత యెల్లరెఱిగినదే. సాధారణ శ్రేణి నియోడిమియం అయస్కాంతము సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన బలము కోల్పోవచ్చును. ఇద్దఱు మనుష్యులును, 45 కిలోల యూరియా బస్తాయును ఎక్కిన బండిని మిట్టమధ్యాహ్నము మిట్ట నెక్కించుట ఆ హద్దును పరీక్షించుటయే.

అయినను మనకు పునాది లేకపోలేదు. బోరుబావుల మోటార్లకు చుట్టలు చుట్టు పనివారు మన పట్టణములలో చిరకాలమునుండి యున్నారు. చేతితోడి విద్య ఎట్లు తరతరములు నిలుచునో ఆళ్లగడ్డ శిల్పుల కుటుంబములను చూచిన తెలియును. చుట్టుపని తెలిసినవానికి సెన్సారుల పరీక్షయు, కంట్రోలరు జ్ఞానమును నేర్పిన చాలును. నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్కు సాయంకాలపు తరగతులు పెట్టి ఈ పని చేయవచ్చును.

పని పెరిగినప్పుడే వర్తకమునకు పరీక్ష. నంద్యాలలో పేరుతెచ్చుకొన్న మేస్త్రీకి, సుమారు నలుబది కిలోమీటర్ల దూరమునగల ఆళ్లగడ్డలో రెండవ అంగడి పెట్టవలెనని తోచుట సహజము. తొందరపడి పూర్తి సామగ్రితో రెండవ అంగడి తెఱచుటకంటె, అచ్చట షాకులు, బ్రేకులు, తీగల పనిమాత్రము పెట్టి, మోటారుచక్రమును చీటితోకూడ నంద్యాలకు పంపుట మేలని మా యభిప్రాయము. ప్రతి బండికి ఒక చీటి యుండవలెను. చెడిన విధము, కొలతలు, మార్చిన భాగము, మజూరి అందు వ్రాయవలెను. నెలకు నూఱు బండ్లు బాగుచేసి పది తిరిగివచ్చినచో, ఆ పదింటి కూలి యజమాని జేబునుండి పోవునదే. ఎన్ని బండ్లు వచ్చినవను లెక్కకంటె ఎన్ని తిరిగి వచ్చినవను లెక్క ముఖ్యము. అరువులు పెరిగి విడిభాగముల సొమ్ము చిక్కుకొనిన, పని యుండియు అంగడి మూతపడును.

బ్యాటరీ విషయమున మాత్రము సాహసము కూడదు. 2022 ఏప్రిలులో విజయవాడలో ఒక యింట చార్జింగునందున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించిరి. ఆ యేటి దుర్ఘటనల పిమ్మట ప్రభుత్వము భద్రతా నిబంధనలను కఠినపఱచెను. తగిన శిక్షణము లేని మేస్త్రీ లిథియము పెట్టెను విప్పరాదు. ఖాతాదారుడు బలవంతపెట్టినను విప్పరాదు.

పెట్టుబడికి మార్గము కలదు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకము క్రింద, ఐదులక్షల వరకు కిశోర్ తరగతి ఋణము హామీలేకయే యిచ్చుటకు ఏర్పాటున్నది. కాని విడిభాగములను, పరీక్షించు సాధనములను కంపెనీలు తమ గుప్పిటనే యుంచుకొన్నచో, ఋణము తెచ్చిన మేస్త్రీ ఏమి చేయగలడు? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘమును నియమించి, మోటారు వాహనములను అందు చేర్చినది. ఆ హక్కు కాగితముమీదనుండి ఆళ్లగడ్డ అంగడివరకు రావలెను. కొనువారు బండి ధరతోపాటు, విడిభాగములు ఎచ్చట దొరకునో, ఊరి మేస్త్రీకి అమ్ముదురో లేదో అడిగి కొనుట అలవాటు చేసికొందురుగాక. ఇంటికి రెండు బండ్లు కొనగల భూస్వాములును వర్తకులును ఈ ప్రశ్న వేసిననాడు కంపెనీలు బదులు చెప్పక తప్పదు. అట్లు కానిచో, చిన్న బేరింగు చెడినను బండిని కర్నూలునకో హైదరాబాదునకో లారీపై పంపుచు, మన సొమ్మును, మన యువకుల కూలిని మనమే పోగొట్టుకొనువార మగుదుము.