కనిపెట్టుకొన్న అయిదేళ్లు
దత్తత కోసం ఎదురుచూసిన ఒక క్రైస్తవ దంపతుల అనుభవం



పిల్లలు కలగలేదని మన ఆసుపత్రికి వచ్చే దంపతులలో చాలామంది పరీక్షలు, మందులు, ఖర్చులు అన్నీ అయిన తరువాత చివరగా ఒక మాట అడుగుతారు: "ఎవరినైనా పెంచుకుంటే ఎలా ఉంటుందండీ?" ఆ మాట నోటికి రావడానికే వారికి ఏళ్లు పడుతుంది. దానికీ కొన్ని సంవత్సరాలు ఆగాలని చెబితే నిరుత్సాహపడతారు. అటువంటి వారికి ధైర్యం కలుగుతుందని ఈ సంచికలో ఒక దంపతుల అనుభవం ఇస్తున్నాము.

వీరు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారు. ఆయన తల్లిగారు మన సంఘ సభ్యురాలు. భారతదేశం నుండి ఒక బిడ్డను దత్తత తీసుకోవాలని 2018లో నిశ్చయించుకొని, 2023 ఏప్రిల్‌లో బాబును ఇంటికి తీసుకువెళ్లారు. సెలవులకు వచ్చినప్పుడు మాతో వివరంగా మాట్లాడారు. "బాబు కథ బాబుది. ఎవరికి చెప్పాలో పెద్దవాడయ్యాక వాడే నిర్ణయించుకుంటాడు" అని వారు కోరినందున ఎవరి పేర్లూ వ్రాయడం లేదు.

"ఏమైనా విశేషమా?"

ఆమె నర్సు, పిల్లల వార్డులో ఉద్యోగం. ఆయన కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తారు. పెళ్లయిన పదేళ్లలో రెండుసార్లు గర్భం నిలవలేదు. "ఇండియాకు ఫోన్ చేస్తే ప్రతి ఒక్కరూ ఏమైనా విశేషమా అని అడిగేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగువాళ్లందరం కలిసి భోంచేసేటప్పుడూ అదే ప్రశ్న. దత్తతకు దరఖాస్తు పెట్టిన తరువాత కూడా ఏం చెప్పాలో తెలిసేది కాదు. కడుపు కనబడదు, నెలలు లెక్కపెట్టుకోవడానికి ఉండదు. కానీ మేము బిడ్డ కోసమే ఎదురుచూస్తున్నాము" అని ఆమె చెప్పారు.

ప్రతి సంవత్సరం డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం మన అలవాటు కదా. వరుసగా రెండేళ్లు ఆమెకు ఓపికతో ఎదురుచూడమనే వాక్యమే వచ్చిందట. "రెండోసారి చూసి ఏడ్చాను. దేవునితో కూడా రెండు నెలలు సరిగా మాట్లాడలేదు" అని దాపరికం లేకుండా చెప్పారు.

ఎందుకింత ఆలస్యం?

వేరే దేశంలో ఉన్నవారు మన బిడ్డను దత్తత తీసుకోవాలంటే రెండు దేశాల చట్టాలూ ఒప్పుకోవాలి. ముందుగా వారి ఇంటి పరిశీలన జరుగుతుంది. సామాజిక కార్యకర్త ఇంటికి పలుమార్లు వచ్చి ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు మొదలుకొని మందుల సీసాలు ఏ బీరువాలో పెడతారో అంతవరకూ చూస్తారు. "మీరు చిన్నప్పుడు తప్పు చేస్తే మీ నాన్నగారు ఎలా శిక్షించేవారు?" అని ఆయనను అడిగారట. ఆ తరువాత అమెరికా వలస శాఖ అనుమతి రావాలి. అప్పుడు అక్కడి గుర్తింపు పొందిన దత్తత సంస్థ ద్వారా మన దేశంలోని 'కారా' అనే కేంద్ర దత్తత వనరుల సంస్థలో పేరు నమోదవుతుంది.

వీరి పేరు నమోదైన కొద్ది కాలానికే 2020లో కరోనా వచ్చింది. కార్యాలయాలు మూతబడ్డాయి. వలస శాఖ తీసుకునే వేలిముద్రలకు 15 నెలలే గడువు. ఆ గడువు దాటి మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. ఇంటి పరిశీలన నివేదికను కూడా తిరిగి వ్రాయించారు.

"మంచి పని చేయడానికి ఇన్ని అడ్డంకులా అని కోపం వచ్చేది" అని ఆయన అన్నారు. అయితే ఈ కాగితాల వెనుక ఒక చరిత్ర ఉంది. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు కట్టుబాట్లు విధించింది. అయినా 1999, 2001 సంవత్సరాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, పేద తండాల తల్లుల వద్ద ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని దత్తత పేరుతో ఇచ్చిన వ్యవహారాలు బయటపడ్డాయి. 2003లో భారతదేశం హేగ్ ఒడంబడికను ఆమోదించింది. దాని సారాంశం ఇది: బిడ్డ మొదట కన్నవారి వద్ద పెరగాలి. అది కుదరకపోతే స్వదేశంలో ఒక కుటుంబం దొరకాలి. అదీ కుదరకపోతేనే పరదేశం.

ఇతర దేశాలలోనూ ఈ మార్పు వచ్చింది. 2004లో అమెరికావారు ఇతర దేశాల నుండి దాదాపు 23 వేలమంది పిల్లలను దత్తత తీసుకున్నారు. 2023లో ఆ సంఖ్య 1,300 కూడా లేదు. ఇథియోపియా 2018లో, చైనా 2024లో విదేశీ దత్తతలు నిలిపివేశాయి. చైనా బంధువుల దత్తతలకు మాత్రం మినహాయింపు ఉంచింది. అప్పటికే దరఖాస్తు పెట్టి సంవత్సరాలుగా ఆగిన కుటుంబాలు ఖాళీ చేతులతో మిగిలిపోయాయి.

"ఇవన్నీ తెలిశాక నా ప్రార్థన మారింది. త్వరగా ఇవ్వు ప్రభువా అనడం మానేశాను. ఏ తల్లి దగ్గర నుండీ లాక్కున్న బిడ్డను మాకు ఇవ్వవద్దు అని ప్రార్థించాను" అని ఆమె అన్నారు.

గ్రహణమొర్రి ఉన్న బాబు

దరఖాస్తులో ఒక పట్టిక ఉంటుంది. ఏ ఆరోగ్య సమస్య ఉన్న బిడ్డనైతే స్వీకరించగలరు, ఏది మీ వల్ల కాదు అని గుర్తు పెట్టాలి. గుండెలో రంధ్రం, వినికిడి లోపం, మూర్ఛ, గ్రహణమొర్రి ఇలా ఒక్కొక్కటే ఎదురుగా ఉంటాయి. "కాదు అని గుర్తు పెట్టిన ప్రతిసారీ ఒక బిడ్డను గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించింది" అని ఆయన చెప్పారు. మా డాక్టర్లు చెప్పేది ఏమిటంటే, ఆ పట్టికను నిజాయితీగా నింపడం పాపం కాదు. చేయగలమో లేదో చూసుకోకుండా అన్నిటికీ సరేనంటే చివరకు నష్టపోయేది బిడ్డే.

2022 ఆరంభంలో ఒడిశా నుండి ఒక బాబు ఫొటో, వైద్య నివేదిక వచ్చాయి. వయస్సు రెండేళ్లు దాటింది. పెదవి చీలికకు ఆపరేషన్ అయింది. అంగిలి చీలిక అలాగే ఉంది. బరువు తక్కువ.

మన ఊళ్లలో గ్రహణం రోజున గర్భిణి బయటకు వస్తే ఇలా అవుతుందని తల్లిని నిందిస్తారు. అది నిజం కాదు. గర్భం మొదటి మూడు నెలల్లో పెదవి, అంగిలి భాగాలు సరిగా కలవకపోవడం వల్ల ఇది వస్తుంది. వంశపారంపర్యం, కొన్ని మందులు, పొగాకు వంటివి కారణం కావచ్చు. పెదవిని సాధారణంగా మొదటి ఆరు నెలల్లో, అంగిలిని ఏడాదిన్నర లోపల సరిచేస్తారు. అంగిలి తెరచి ఉంటే పాలు, అన్నం ముక్కులోకి వస్తాయి, చెవిలో నీరు చేరుతుంది, మాట ముక్కుతో వస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ మాటను సరిచేయడం కష్టం.

ఆయన తల్లిగారు మొదట భయపడ్డారు. తరువాత మన ఆసుపత్రికే వచ్చి డాక్టరుగారిని అడిగి, ఆపరేషన్‌కు ముందు, తరువాత తీసిన పిల్లల ఫొటోలు చూశారు. ఆ రాత్రి కొడుకుకు ఫోన్ చేసి, "మన బాబును తీసుకురండి నాయనా" అన్నారు.

రెండు ఆలస్యాలు

అంగీకార పత్రం పంపారు. కారా అభ్యంతరం లేదని పత్రం ఇచ్చింది. ఫైలు కోర్టుకు వెళ్లింది. అంతలో 2022 సెప్టెంబరు 1 నుండి చట్టం మారింది. దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుల నుండి జిల్లా కలెక్టర్లకు వచ్చింది. వీరి ఫైలు కలెక్టరు కార్యాలయానికి బదిలీ అయి, కొన్ని నెలలు కదలలేదు. ఇది ఎవరి దోషమూ కాని ఆలస్యం.

రెండవ ఆలస్యాన్ని వారే కోరుకున్నారు. ఆ మధ్య సమయంలో బాబుకు అంగిలి ఆపరేషన్ చేయించే అవకాశం వచ్చింది. అప్పటికి బాధ్యత ఆ శిశు సంరక్షణ సంస్థదే, నిర్ణయమూ వారిదే. అయినా వీరి అభిప్రాయం అడిగారు. ఆపరేషన్ చేస్తే గాయం మానేవరకు ప్రయాణం కుదరదు, ఇంకా ఆగాలి. చేయకపోతే ఉత్తర్వు రాగానే తీసుకువెళ్లి అమెరికాలో చేయించవచ్చు. కానీ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బాబుకు మూడేళ్లు నిండబోతున్నాయి.

"మా ఎదురుచూపు తగ్గాలా, వాడి నోరు బాగవ్వాలా అన్నదే ప్రశ్న. అలా అనుకున్నాక ఆలోచించడానికి ఏమీ మిగలలేదు" అని ఆయన అన్నారు. ఆపరేషన్ చేయమన్నారు. ఆ రోజు ఆమె టెక్సాస్‌లో డ్యూటీలో ఉన్నారు. వేరేవారి బిడ్డకు సెలైన్ పెట్టి, తన బిడ్డ మత్తు నుండి లేచాడో లేదో తెలియక, ఫోన్ వచ్చేవరకు నిలబడే ఉన్నారు.

మన తెలుగు బైబిలులో దేవుని కొరకు ఎదురుచూడడాన్ని కనిపెట్టుకొనుట అంటారు. ఇంట్లో మనం "పిల్లవాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నప్పుడు అదే మాటకు బాగోగులు చూడడం అని అర్థం. ఈ దంపతుల విషయంలో ఆ రెండు అర్థాలూ ఒక్కటయ్యాయి. బిడ్డ చేతికి రాకముందే వారు తల్లిదండ్రుల పని మొదలుపెట్టారు.

ఎదురుచూసే కాలంలో ఏమి చేశారు?

మొదట ఆమెకు నిద్ర పట్టేది కాదు, ఆయనకు రక్తపోటు పెరిగింది. డాక్టరు సలహాపై ఇద్దరూ రోజూ సాయంత్రం అరగంట నడిచారు. దత్తత విషయం వారంలో ఒక్క రోజే, శనివారం మాత్రమే మాట్లాడుకోవాలని నియమం పెట్టుకున్నారు. రోజూ ఈమెయిల్ చూసే పని ఒక్కరిదే చేశారు.

బాబుకు తెలుగు రాదు కాబట్టి ఇచ్ఛాపురం ప్రాంతానికి చెందిన ఒక స్నేహితురాలి వద్ద ఒడియా మాటలు నేర్చుకున్నారు. భాత అంటే అన్నం, పాణి అంటే నీళ్లు, భోక అంటే ఆకలి. మూడేళ్ల బిడ్డకు కావలసిన మాటలు ఇవే.

ఇంటికి వచ్చాక

ఇంటికి వచ్చిన రోజుతో అన్నీ సర్దుకోలేదు. మొదటి వారాల్లో బాబు బిస్కెట్లు దిండు కింద దాచుకునేవాడు. నలుగురు పిల్లల మధ్య పడుకునే అలవాటు కాబట్టి ఒంటరి మంచంపై ఏడ్చేవాడు. ఎవరు చేయి చాపినా వెళ్లిపోయేవాడు. చూసేవారు "ఎంత కలుపుగోలు పిల్లవాడో" అని మెచ్చుకున్నారు. నిజానికి తనవారు ఎవరో తెలియని బిడ్డ అలా చేస్తాడు. అందుచేత కొన్ని నెలలపాటు తినిపించడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేశారు. సంఘంలో పెద్దవారికి ఇది కొంత కష్టం కలిగించింది. కారణం చెప్పాక అర్థం చేసుకున్నారు.

మొదటి సంవత్సరం మూడు నెలలకొకసారి, రెండవ సంవత్సరం ఆరు నెలలకొకసారి బాబు ఎలా ఉన్నాడో నివేదిక భారతదేశానికి వెళ్లింది. మాట కోసం శిక్షణ ఇంకా సాగుతున్నది. ఇప్పుడు బడికి వెళుతున్నాడు. నానమ్మతో ఫోన్లో తెలుగులో పోట్లాడుతున్నాడు.

మన ప్రాంతంలో దత్తత కోరేవారికి

"ఇన్నేళ్లు ఎందుకు? మన ఆసుపత్రిలోనే ఎవరైనా వదిలేసిన బిడ్డ ఉంటే ఇప్పించకూడదా?" అని నానమ్మగారు ఒకసారి మమ్మల్ని అడిగారు. ఇంకా చాలామంది అడుగుతారు. మా సమాధానం ఇది.

1. ఆసుపత్రి నుండి గాని, ఆయా ద్వారా గాని, మధ్యవర్తి ద్వారా గాని బిడ్డను తీసుకోకూడదు. అనాథను, వదిలివేసిన లేక అప్పగించిన బిడ్డను పద్ధతి తప్పి దత్తత తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు, అందులో ఆసుపత్రి సిబ్బంది ఉంటే మూడు నుండి ఏడేళ్ల వరకు శిక్ష.

2. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. అటువంటి తల్లి మీకు తెలిస్తే ఆమెను నిందించకండి. 1098 నంబరుకు ఫోన్ చేయండి.

3. క్రైస్తవులకు దత్తత హక్కు లేదనే మాట ఇంకా వినబడుతున్నది. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు, అందుకే పూర్వం 1890 నాటి చట్టం క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారము. బాల న్యాయ చట్టం వచ్చాక ఆ పరిస్థితి మారింది. ఏ మతంవారైనా ఆ చట్టం ప్రకారం దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిడ్డకు కన్న బిడ్డతో సమానమైన హక్కులు ఉంటాయి.

4. దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వివాహ జీవితం ఉండాలి. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయస్సు కలిపి 85 దాటకూడదు. కనుక మందులు వాడుతూనే ఈ విషయం కూడా ముందుగా ఆలోచించండి.

5. నమోదు కారా వెబ్‌సైటులో జరుగుతుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంవారు సహాయం చేస్తారు.

సంఘానికి ఒక మనవి. మొర్దెకై తల్లిదండ్రులు లేని ఎస్తేరును పెంచాడు. ఫరో కుమార్తె మోషేను పెంచింది. దత్తత మనకు క్రొత్త సంగతి కాదు. ఎదురుచూసే దంపతులు మీ పక్కన ఆరాధనలో కూర్చుంటే విశేషమా అని అడగవద్దు, ఇంకా ఎన్నాళ్లు అని కూడా అడగవద్దు. ఒక పూట భోజనానికి పిలవండి. వారి పేరుతో పాటు, ఎక్కడో ఉన్న ఆ బిడ్డ కోసమూ ప్రార్థించండి. ఈ రాత్రి ఆ బిడ్డకు అన్నం పెట్టి, జ్వరం వస్తే నుదుటిపై చేయి వేసే ఆయాల కోసమూ ప్రార్థించండి.