బల్బు వెలిగితే బ్యాటరీ బాగున్నట్టేనా?

ఆయాసం ఉన్న రోగిని ఇంటికి పంపేటప్పుడు నెబ్యులైజర్ ఎలా వాడాలో చెబుతాము. తీగ కరెంటు సరిగా అందని ఊళ్ల వారైతే "మాకు సోలార్ ఉందండి" అంటారు. మంచిదే. బ్యాటరీ ఎలా ఉందని అడిగితే మాత్రం "రాత్రంతా బల్బు వెలుగుతోంది, బాగానే ఉంది" అంటారు. ఆ జవాబు చాలదు.

5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 12 వోల్టుల బ్యాటరీ నుండి అర ఆంపియరు కూడా తీసుకోదు. అదే 120 వాట్ల నెబ్యులైజర్ ఇన్వర్టరు మీద నడిస్తే 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంటే 24 బల్బులు ఒక్కసారి వేసినట్టు! మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ కావాలి. నీరసించిన బ్యాటరీ బల్బును మోస్తుంది గాని ఈ బరువును మోయలేదు. రోగికి ఊపిరి అందని వేళ ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోతుంది.

నీరసం ముందుగానే తెలుస్తుంది. పూడిక పేరుకున్న చెరువు చిన్న వానకే నిండి, నాలుగు రోజులకే ఎండుతుంది కదా. సరిగా ఛార్జి కాకుండా నెలల తరబడి ఉన్న బ్యాటరీలో పలకల మీద గట్టి సల్ఫేటు పొర కట్టి అదే జరుగుతుంది. పొద్దున్నే కంట్రోలర్ మీద "నిండింది" అనే లైటు వచ్చి, రాత్రి భోజనాల వేళకే దీపాలు ఆరిపోతుంటే అనుమానించండి. ఆ లైటు రోజంతా రాకపోతే మాత్రం ముందు ప్యానెల్ మీద దుమ్ము, చెట్టు నీడ చూడండి. అప్పుడు బ్యాటరీ చెడినది కాకపోవచ్చు, ఆకలితో ఉన్నదే కావచ్చు.

మల్టీమీటర్ ఉన్నవారు తెల్లవారుజామున, ఏదీ వాడకుండా కొన్ని గంటలు ఉంచిన తరువాత కొలవండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగం, 11.9 కంటే తగ్గితే అడుగంటినట్టే. కాని నీరసించిన బ్యాటరీ కూడా విశ్రాంతిలో 12.6 చూపి మనల్ని మోసం చేయగలదు. అందుకే పగలు బాగా ఛార్జి చేసి, సాయంత్రం నెబ్యులైజర్‌ను ఒక పది నిమిషాలు నడిపి, నడుస్తుండగానే కొలవండి. కొద్ది నిమిషాలలో 11 కంటే కిందికి పడి, ఆపగానే మళ్లీ 12 దాటితే దాని శక్తి తరిగిపోయింది. టెర్మినల్ దగ్గర తెల్లని, పచ్చని పొడి ఉన్నా, అక్కడ వైరు వేడెక్కుతున్నా ముందు దానిని బాగు చేయించి మళ్లీ పరీక్షించండి. (లిథియం బ్యాటరీకి ఈ అంకెలు వర్తించవు.)

నీళ్లు పోసే రకమైతే మెకానిక్‌తో ఆరు సెల్లులూ హైడ్రోమీటర్‌తో చూపించండి. ఐదు సెల్లులు 1240 దగ్గర ఉండి ఒకటి 1170 చూపితే ఆ ఒక్కటే మొత్తాన్ని లాగేస్తోంది. ఆరూ సమానంగా తగ్గి ఉంటే వెంటనే కొత్తది కొనకండి. వాడకం తగ్గించి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఛార్జి చేసి మళ్లీ చూపించండి. పాతదానికి తోడుగా కొత్తది కలిపితే, పాతది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది.

మూతలు తీసినప్పుడు అగ్గిపుల్ల, బీడీ, కిరోసిన్ దీపం దగ్గరకు రానీయకండి. లోపల నుండి వచ్చే హైడ్రోజన్ వాయువు పేలుతుంది. ఉంగరాలు, గాజులు తీసి పని చేయండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప యాసిడ్ ఎప్పుడూ పోయవద్దు. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీటితో ఆపకుండా కడిగి వెంటనే ఆసుపత్రికి రండి. ఇంటి మందులు ఏవీ వేయకండి.

బ్యాటరీ నమ్మకంగా లేదని తేలితే మాకు చెప్పండి. చాలామందికి స్పేసర్‌తో వాడే ఇన్‌హేలర్ సరిపోతుంది, దానికి కరెంటే అక్కరలేదు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అయితే 300 వాట్ల వరకు తీసుకుంటుంది. ఇంటి దీపాలకు పెట్టిన చిన్న సోలార్ మీద దానిని నడపగలమని ఆశపడవద్దు.

పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టనివ్వకండి. అందులోని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. వాడేసిన బ్యాటరీలను వెనక్కు సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇచ్చి ధర తగ్గించమని అడగండి.