ఖలందియా: బైతుల్ ముఖద్దస్‌కు కూడా ఒక ఎయిర్‌పోర్ట్ ఉండేది

మీ ఇంట్లోనో, మొహల్లాలోనో బైతుల్ ముఖద్దస్ జియారత్‌కు వెళ్లొచ్చిన వాళ్లు ఉంటే ఎట్లా వెళ్లారో ఒకసారి అడిగి చూడండి. చాలామంది చెప్పే దారి ఒక్కటే. ముందు జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరతారు, అక్కడి నుంచి బస్సులో జోర్డాన్ నది మీది అల్లెన్‌బీ వంతెనకు వస్తారు. అక్కడ పాస్‌పోర్టులు పట్టుకుని లైన్లో గంటలకొద్దీ నిలబడాలి. కొందరు టెల్ అవీవ్ దగ్గరి బెన్ గురియన్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి వెళ్తారు. "జెరూసలేం ఎయిర్‌పోర్ట్‌లో దిగాం" అని మాత్రం ఎవరూ అనరు. అలాంటిది ఇప్పుడు లేదు కాబట్టి.

ఒకప్పుడు ఉండేది. మస్జిదె అఖ్సాకు ఉత్తరాన దాదాపు పది కిలోమీటర్ల దూరంలో, రమల్లా వెళ్లే రోడ్డు పక్కన దాని రన్‌వే ఇంకా కనబడుతుంది. పక్కనున్న పల్లె పేరు మీద అరబ్బులు దాన్ని ఖలందియా అంటారు. ఇజ్రాయెల్ పెట్టిన పేరు అతరోత్. ఒకే నేలకు రెండు పేర్లు ఉన్నాయంటేనే గొడవ ఏంటో సగం అర్థమైపోతుంది.

దీన్ని మొదలుపెట్టింది ఈ రెండు పక్షాలూ కాదు, బ్రిటిష్ వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా సల్తనత్ ఓడిపోయాక ఫలస్తీన్ వాళ్ల చేతికి వచ్చింది. జెరూసలేం చుట్టూ అంతా కొండలే. ఆ కొండల మధ్య కాస్త చదునైన నేల ఇక్కడ దొరికింది. 1920లలో సైనిక విమానాల కోసం అక్కడ ఒక ఎయిర్‌ఫీల్డ్ వేశారు. సైన్యంతో పాటు జెరూసలేం వచ్చే పెద్ద పెద్ద అతిథులు కూడా అక్కడే దిగేవాళ్లు. పక్కనే అతరోత్ అనే చిన్న యూదు వ్యవసాయ గ్రామం ఉండేది. 1930లలో మైదానాన్ని పెంచడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఆ గ్రామం భూమిని కూడా లాక్కుంది. పండ్ల తోటలు పోయాయి, ఇళ్లు కూలాయి. 1936లో మామూలు ప్రయాణికులకూ విమానాలు మొదలయ్యాయి.

1948 యుద్ధంలో ఈ ప్రాంతం జోర్డాన్ అరబ్ లీజియన్ చేతికి వచ్చింది. అతరోత్ జనం ఊరు వదిలి వెళ్లిపోయారు, ఊరు నేలమట్టమైంది. వాళ్లలో కొందరు తర్వాత బెనె అతరోత్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. ఎక్కడో తెలుసా? ఇప్పటి బెన్ గురియన్ ఎయిర్‌పోర్ట్ పక్కనే! అదే యుద్ధంలో లిద్ద్, రమ్లా పట్టణాల నుంచి వేలాది ఫలస్తీనీలను వెళ్లగొట్టారు. బెన్ గురియన్ ఉన్నది ఆ లిద్ద్ దగ్గరే. ఖలందియా రన్‌వే పక్కన కూడా 1949లో ఒక శరణార్థుల క్యాంపు వెలిసింది. అది ఇప్పటికీ ఉంది. క్యాంపు అంటే గుడారాలు అనుకోకండి. మూడు నాలుగు తరాలు పుట్టి పెరిగిన ఇరుకు గల్లీలు అవి.

ఆ యుద్ధం తర్వాత తూర్పు జెరూసలేం, వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ కింద ఉన్నాయి. లిద్ద్ ఎయిర్‌పోర్ట్, యాఫా, హైఫా ఓడరేవులు అవతలి పక్షానికి పోయాయి. దాంతో ఇటువైపు వాళ్లకు బయటి ప్రపంచానికి మిగిలిన గాలిదారి ఖలందియా ఒక్కటే. జోర్డాన్ దానికి జెరూసలేం ఎయిర్‌పోర్ట్ అని పేరు పెట్టి పౌర విమానాశ్రయంగా నడిపింది. బేరూత్, కైరో, అమ్మాన్, కువైట్‌లకు విమానాలు ఎగిరేవి. ఎక్కువగా అరబ్ దేశాల ఎయిర్‌లైన్లే. జియారత్‌కు వచ్చే ముస్లింలు, క్రైస్తవ యాత్రికులు, బేరూత్‌లో చదువుకునే పిల్లలు, గల్ఫ్‌లో కొలువు చేసుకునే వాళ్లు, అందరికీ అదే దారి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చేటోడు ఇంటికి అరగంట దూరంలో దిగడం అంటే ఏంటో కడప, రాయచోటి జనానికి నేను విడిగా చెప్పక్కర్లేదు.

1967 జూన్ యుద్ధంలో అది కూడా పోయింది. ఇక్కడ జరిగిన సంగతి కొంచెం నిదానంగా చూడాలి. వెస్ట్ బ్యాంక్ మొత్తాన్ని ఇజ్రాయెల్ ఆక్రమించింది, కానీ మొత్తాన్ని తనలో కలుపుకోలేదు. తూర్పు జెరూసలేంను, దాని చుట్టూ ఉన్న పల్లెల భూములను, అన్నీ కలిపి దాదాపు 70 చదరపు కిలోమీటర్లను జెరూసలేం మున్సిపాలిటీలో చేర్చేసింది. మ్యాప్ చూస్తే ఆ కొత్త హద్దు ఉత్తరాన ఒక వేలు చాచినట్టు పొడుగ్గా పోతుంది. ఆ వేలి కొసన ఉన్నదే ఈ ఎయిర్‌పోర్ట్. రన్‌వే తమ హద్దులోకి రావాలనే గీత అంత దూరం లాగారు.

ఆ తర్వాత 1970లు, 80ల మొదట్లో దాన్ని పూర్తిస్థాయి అంతర్జాతీయ ఎయిర్‌పోర్ట్ చేయాలని ఇజ్రాయెల్ బాగానే డబ్బు పెట్టింది. కానీ విదేశీ విమానాలు రాలేదు. కారణం విమానాల్లోనో రన్‌వేలోనో లేదు, కాగితాల్లో ఉంది. ప్రపంచ విమానయానం అంతా 1944 నాటి షికాగో ఒప్పందం మీద నడుస్తుంది. ఏ దేశం ఆకాశం మీద ఆ దేశానిదే హక్కు, బయటి నుంచి వచ్చే విమానం ఎక్కడ దిగాలో చెప్పేది కూడా ఆ దేశమే. మరి ఈ నేల ఏ దేశానిది? ఇజ్రాయెల్ తనదంది. ఐక్యరాజ్యసమితి ఆక్రమిత ప్రాంతం అంది. అక్కడ విమానం దింపితే ఇజ్రాయెల్ హక్కును ఒప్పుకున్నట్టే అవుతుందని అంతర్జాతీయ విమానయాన సంస్థలు ఒప్పుకోలేదు. చివరికి దేశంలోపలి విమానాలు, కొన్ని చార్టర్లు మాత్రం తిరిగాయి. కోట్లు పోసిన ఎయిర్‌పోర్ట్ జిల్లా బస్టాండ్ స్థాయిలో ఉండిపోయింది. (నిజం చెప్పాలంటే వెస్ట్ బ్యాంక్‌ను జోర్డాన్ కలుపుకోవడాన్ని కూడా అప్పట్లో చాలా కొద్ది దేశాలే గుర్తించాయి. అది కూడా చెప్పుకోవాలి.)

2000 సెప్టెంబర్ చివర్లో ఏరియల్ షరోన్ మస్జిదె అఖ్సా ప్రాంగణంలోకి వెళ్లడంతో రెండో ఇంతిఫాదా రగిలింది. అక్టోబర్‌లో పౌర విమానాలు ఆగిపోయాయి. 2001 జూలైలో ఎయిర్‌పోర్ట్‌ను సైన్యానికి అప్పగించారు. సైన్యంతో మొదలైనది మళ్లీ సైన్యం దగ్గరికే చేరింది. ఆ తర్వాత మైదానం అంచునే కాంక్రీట్ గోడ లేచింది. ఈ రోజు ఖలందియా అంటే ఫలస్తీనీలకు గుర్తొచ్చేది విమానం కాదు, చెక్‌పోస్ట్. రమల్లా వైపు నుంచి జెరూసలేం వెళ్లాలంటే పర్మిట్ ఉన్నవాళ్లు దాటాల్సిన ముఖ్యమైన గేటు అది. రమజాన్ జుమాలకు అక్కడ ఉండే రద్దీ ఫొటోలు మీరు చూసే ఉంటారు.

గోడ అవతల కఫ్ర్ అఖబ్ అనే బస్తీ ఉంది. లెక్క ప్రకారం అది జెరూసలేం మున్సిపాలిటీలోదే, అక్కడి జనం మున్సిపల్ పన్ను కడతారు. కానీ సొంత ఊళ్లోకి వెళ్లాలంటే చెక్‌పోస్ట్ దాటాలి. పన్ను ఇటు, గోడ అటు!

ఇప్పుడు అసలు పేచీ ఆ ఖాళీ మైదానం గురించే. ఫలస్తీనీ నాయకత్వం రేపటి తమ దేశానికి ఆ ఎయిర్‌పోర్ట్ కావాలని ఎప్పటినుంచో అడుగుతోంది. గాజాలో రఫా దగ్గర 1998 నవంబర్‌లో వాళ్లు ఒక ఎయిర్‌పోర్ట్ తెరిచారు. మూడేళ్లు తిరిగేసరికి ఇజ్రాయెల్ సైన్యం దాని రాడార్‌ను, రన్‌వేను ధ్వంసం చేసింది. 2020లో ట్రంప్ ప్రకటించిన ప్లాన్‌లో అతరోత్ దగ్గర ముస్లిం యాత్రికుల కోసం ప్రత్యేక టూరిజం జోన్ అని రాశారు. అది కాగితం మీదే మిగిలింది. అదే ఏడాది ఇజ్రాయెల్ హౌసింగ్ శాఖ ఆ నేల మీద దాదాపు 9,000 ఇళ్ల కాలనీ ప్లాన్ ముందుకు తెచ్చింది. అది కడితే తూర్పు జెరూసలేంకు, రమల్లాకు మధ్య ఉన్న ఫలస్తీనీ బస్తీల వరుస తెగిపోతుంది. అమెరికా అభ్యంతరం చెప్పింది. 2021 డిసెంబర్‌లో జిల్లా ప్లానింగ్ కమిటీ, ముందు పర్యావరణ సర్వే చేయాలని ఫైలు పక్కన పెట్టింది. పక్కన పెట్టిందంతే, కొట్టేయలేదు. తర్వాత కూడా ఆ ప్లాన్ మాట మళ్లీ మళ్లీ పైకొస్తూనే ఉంది.

వెస్ట్ బ్యాంక్ ఫలస్తీనీ ఎవరైనా ఉమ్రాకు పోవాలన్నా, కొడుకు దగ్గరికి దుబాయ్ పోవాలన్నా ఇప్పుడు పట్టాల్సిన దారి అల్లెన్‌బీ వంతెన, ఆ తర్వాత అమ్మాన్. మన జియారీన్లు ఎదురు దిక్కున వచ్చే దారి కూడా అదే.