మీకు తెలుసా? వరుసగా 53 టెస్టులాడిన గారెత్

వేల్స్ రగ్బీ దిగ్గజం గారెత్ ఎడ్వర్డ్స్ బొగ్గు గని కార్మికుడి కొడుకు. 1967లో పారిస్‌లో ఫ్రాన్స్‌పై తొలి టెస్టు ఆడాడు. 1978లో తప్పుకునేదాకా వేల్స్ తరఫున వరుసగా 53 టెస్టులు! మీదపడి కుమ్మేసుకునే ఆటలో ఇదేమీ మామూలు విషయం కాదు. 20 ఏళ్లకే కెప్టెన్ కూడా.

అభిమానులు మాత్రం 1973 జనవరి 27నే తలుచుకుంటారు. కార్డిఫ్‌లో ఎడ్వర్డ్స్ ఆడిన ఆహ్వాన జట్టు బార్బేరియన్స్‌కీ, న్యూజిలాండ్‌కీ మ్యాచ్. సొంత గోల్ గీత దగ్గర సహచరుడు ఫిల్ బెన్నెట్ వెంటపడ్డవాళ్లను అటూ ఇటూ ఏమార్చి బంతి అందించాడు. అది చేతులు మారుతూ మైదానమంతా దాటింది. చివర్లో వెనకనుంచి దూసుకొచ్చిన ఎడ్వర్డ్స్ బంతి అందుకుని ఎడమ మూలన గీత దాటి దూకేశాడు. ట్రై, అంటే రగ్బీలో స్కోరు!

రిటైరయ్యాక గాలం పట్టాడు. 1990లో 20 కిలోలకు పైబడిన పైక్ చేపను పట్టి అప్పట్లో బ్రిటిష్ రికార్డు కొట్టాడు. ‘సర్’ బిరుదు 2015లో వచ్చింది.