అద్దంలోని అణువు ఖరీదెంత?

కౌలాలంపూర్‌లోనైనా, పెనాంగ్‌లోనైనా మన ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే సగం ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులే ఉంటాయి. అందులో తుమ్ములకు వేసుకునే రెండు మాత్రలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిపై సెట్రిజిన్ 10 మి.గ్రా. అని, రెండోదానిపై లీవోసెట్రిజిన్ 5 మి.గ్రా. అని రాసి ఉంటుంది. రెండూ చేసేది ఒకే పని. మరి డోసు సగానికి ఎందుకు తగ్గింది? ఆ చిన్న ప్రశ్న వెనుక మందుల పరిశ్రమలోని పెద్ద లెక్క ఉంది.

ఎడమ కాలి చెప్పు, కుడి కాలి చెప్పు చూడటానికి ఒకేలా ఉంటాయి. తోలు ఒకటే, కుట్టు ఒకటే. కానీ ఒక కాలి చెప్పు రెండో కాలికి సరిపోదు. చాలా మందుల అణువులూ అంతే. ఒకే అణువుకు అద్దంలో ప్రతిబింబంలాంటి మరో రూపం ఉంటుంది. వీటినే కైరల్ మందులు అంటారు. మన ఒంట్లోని ప్రొటీన్లకు కూడా కుడి ఎడమల తేడా ఉంది కాబట్టి రెండు రూపాల్లో ఒకటే గట్టిగా పనిచేయవచ్చు. సెట్రిజిన్ రెండింటి మిశ్రమం. అందులో ప్రధానంగా పనిచేసే సగాన్ని విడిగా తీస్తే లీవోసెట్రిజిన్. అందుకే 5 మి.గ్రా. చాలు.

మూడు దారులు

మామూలు రసాయన చర్యలో రెండు రూపాలూ సమానంగా తయారవుతాయి. కావలసినదాన్ని మాత్రమే పొందడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, మిశ్రమం తయారుచేసి తర్వాత వేరుచేయడం. పని సులువే కానీ సగం సరుకు పక్కన పడుతుంది. దాన్ని తిరిగి మిశ్రమంగా మార్చి వాడుకునే వీలు లేకపోతే నష్టమే. రెండోది, ప్రకృతి ఇప్పటికే ఒకే రూపంలో ఇచ్చిన చక్కెరలు, అమినో ఆమ్లాలతో మొదలుపెట్టడం. మూడోది, కావలసిన రూపమే పుట్టేలా ఉత్ప్రేరకం వాడటం. ఈ మూడో దారి వేసినందుకే 2001లో నోల్స్, నొయొరి, షార్ప్‌లెస్‌లకు నోబెల్ వచ్చింది. ఇందులో సరుకు వృథా తక్కువ. అయితే ఉత్ప్రేరకాల్లో చాలావరకు ఖరీదైన లోహాలతో చేసినవి. వాటి ఆనవాళ్లు మందులో మిగలకుండా మళ్లీ శుద్ధి చేయాలి.

పైగా దశలు పెరిగేకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుంది. ఒక్కో దశలో 90 శాతం దక్కినా పది దశలు దాటేసరికి మిగిలేది 35 శాతమే. మా సాఫ్ట్‌వేర్ పనిలో తప్పు ఎంత ఆలస్యంగా బయటపడితే దిద్దుబాటు అంత ఖరీదు. ఇక్కడా అంతే. అక్కర్లేని రూపాన్ని చివరి దశలో తీసేస్తే, దానిమీద అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా దానితోనే పోతుంది.

అలాగని శుద్ధత ఎప్పుడూ ఖర్చుకు తగ్గ లాభం ఇస్తుందని కాదు. నొప్పికి వాడే ఇబుప్రోఫెన్‌ను మిశ్రమంగానే అమ్ముతారు. పనిచేయని రూపంలో చాలా భాగాన్ని శరీరమే పనిచేసే రూపంగా మార్చుకుంటుంది. థాలిడోమైడ్ కథ దీనికి తలకిందులు. 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్లోకి వచ్చిన ఆ మందు వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 'మంచి రూపం ఒక్కటే ఇచ్చి ఉంటే సరిపోయేది' అని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. ఒక రూపాన్ని ఇచ్చినా ఒంట్లోకి వెళ్లాక అది రెండో రూపంగా మారిపోతుంది. అందుకే ఏ మందుకు ఎంత శుద్ధత కావాలన్నది దాని గుణాన్ని బట్టి తేల్చాల్సిందే. అమెరికా ఎఫ్‌డీఏ 1992లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ప్రతి రూపం ఏం చేస్తుందో కంపెనీలు తెలుసుకోవాలని కోరాయి. మిశ్రమాలను నిషేధించలేదు.

మలేషియా చూపిన లెక్క

ఈ లెక్కలో మలేషియాకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. హెపటైటిస్-సి మందు సోఫోస్‌బువిర్‌లో ఆరు కైరల్ కేంద్రాలున్నాయి. కాగితం మీద లెక్కేస్తే 64 రూపాలు సాధ్యం. ఐదు కేంద్రాలు చక్కెర, అమినో ఆమ్లం భాగాల్లో ఉన్నాయి. చిక్కంతా ఆరోదైన ఫాస్ఫరస్ దగ్గరే. అక్కడ ఏర్పడే రెండు రూపాల్లో ఒకటి ప్రయోగశాలలో రెండోదానికంటే పది రెట్లకు పైగా బలంగా పనిచేసింది. మొదట స్ఫటికీకరణతో దాన్ని వేరుచేశారు. తర్వాత ఆ రూపమే వచ్చేలా ప్రత్యేక రసాయనాన్ని రూపొందించారు.

ఇంత సంక్లిష్టమైన మందు కాబట్టే ధర ఎక్కువనుకోవచ్చు. 2013 చివర్లో అమెరికాలో 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వేసిన అంచనా ప్రకారం భారీగా తయారుచేస్తే ఆ కోర్సుకయ్యే ఉత్పత్తి ఖర్చు 68 నుంచి 136 డాలర్లే. అంటే తేడా రసాయన శాస్త్రంలో లేదు, పేటెంటులో ఉంది.

హైదరాబాద్‌కు చెందిన హెటెరో 2014లో, నాట్కో 2015లో గిలియడ్ కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని చౌకగా తయారుచేశాయి. కానీ ఆ లైసెన్సు వర్తించే దేశాల జాబితాలో మలేషియా లేదు. ఇక్కడ 4 నుంచి 5 లక్షల మందికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. 2017 ఆగస్టులో గిలియడ్ మలేషియాను జాబితాలో చేర్చింది. అయినా మరుసటి నెలలోనే మలేషియా ప్రభుత్వం తన 1983 పేటెంట్ల చట్టం కింద, పేటెంటుదారు అనుమతి లేకుండానే ప్రభుత్వ ఆసుపత్రులకు జెనరిక్ తెచ్చుకునే హక్కును వినియోగించింది. సోఫోస్‌బువిర్ విషయంలో ఇలా చేసిన తొలి దేశం ఇదే. డీఎన్‌డీఐ సంస్థ ఈజిప్టు కంపెనీ ఫార్కోతో కుదుర్చుకున్న ఒప్పందంలో, సోఫోస్‌బువిర్‌కు రావిడాస్‌విర్ జోడించిన కోర్సు ధర 300 డాలర్లకు మించలేదు. మలేషియాలో పరీక్షలు జరిగిన ఆ రావిడాస్‌విర్‌కు 2021లో ఇక్కడే అనుమతి వచ్చింది. అంటే అణువు అంతే సంక్లిష్టం, కావలసిన శుద్ధతా అంతే. మారింది ధర ఒక్కటే.

మనం చూడాల్సింది

ఇంట్లో మనకు పనికొచ్చేది డోసు సంగతి. మందు పేరులో లీవో, ఎస్, ఎస్- (ఎసోమెప్రజోల్, ఎస్-ఆమ్లోడిపిన్ లాంటివి) కనిపిస్తే అది ఒకే రూపం అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇండియాలో దొరికే ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 మి.గ్రా.ను మామూలు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.కు బదులుగా ఇస్తారు. అమ్మానాన్నలు తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయి ఇక్కడి ఫార్మసీలో కొనేటప్పుడు అంకె ఒక్కటే చూసి మార్చుకుంటే డోసు తారుమారవుతుంది. పాత స్ట్రిప్పు చేత్తో పట్టుకెళ్లి ఫార్మసిస్టుకు చూపించండి. ఇక్కడ కొనే మందు పెట్టెపై 'ఎంఏఎల్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, హోలోగ్రామ్ స్టిక్కర్ ఉన్నాయో లేదో చూడండి.

ఇక డాక్టరు ఖరీదైన ఒకే రూపం మందు రాస్తే ఒక్క ప్రశ్న అడగండి: "పాత మిశ్రమం మందుకన్నా ఇది నాకు ఏ విధంగా మేలు?" కొన్నిసార్లు జవాబు గట్టిగానే ఉంటుంది. లేకపోతే చౌక మాత్ర అడగడానికి మొహమాటపడక్కర్లేదు.